గదికి తగిన గొంతు



ఇంటిలో రేడియోనుగాని టెలివిజనునుగాని పాటల యంత్రమునుగాని వినుటకు తగిన స్పీకరును ఆంప్లిఫయరును గదికి అనుగుణముగా అమర్చుకొను పద్ధతి నేటి ప్రసంగ విషయము. ఇది పట్టణములలోని ధనికుల వినోదమునకు సంబంధించిన ముచ్చట యనియు, ముదిగుబ్బ, ధర్మవరము, పెనుకొండ, హిందూపురము ప్రాంతముల పల్లెలలోని పెద్దలకు దీనితో నిమిత్తము లేదనియు మీరు తలంపవచ్చును. నిజమునకు నిమిత్తము మీకే యెక్కువ. ఎట్లనగా చెప్పెదను.

సాయంకాలము వార్తలు వచ్చుచుండును. ఇంటి పెద్ద మంచముమీద కూర్చుండి వినుచుండును. ధ్వని వినబడుచున్నది గాని మాట తెలియకున్నది. "ఏమన్నాడురా?" యని మనుమని అడుగును. మనుమడు ధ్వనిని హెచ్చించును. ధ్వని హెచ్చినది, మాట మాత్రము మునుపటికంటె మసకయైనది. వంటయింటినుండి "ఆ గోల తగ్గించండి" యని కేక వచ్చును. నాలుగు దినములు ఇట్లు జరుగగా "తాతకు చెవులు పోయినవి" యని ఇంటిలో తీర్పు చెప్పబడును. ఆ తీర్పునకు లోబడి తాత అడుగుటయే మానివేయును. పంట ధరను గూర్చిన మాటయు, వానను గూర్చిన మాటయు, తాను చిన్ననాటినుండి ప్రేమించిన హరికథయు ఒక్కొక్కటిగా ఆయనకు దూరమైపోవును. తన యింటిలో తానే పరాయివాడైనట్లు ఊరకుండును. ఇట్టి యిండ్లు అనేకములు గలవు. అందు కొన్నింటిలో దోషము చెవిది. పెక్కింటిలో దోషము గదిది. లేదా చెవిదోషమును గది రెట్టింపు చేయుచున్నది. గదిదోషమును అల్పవ్యయముతో సవరింపవచ్చును. ఆ సవరణమార్గమును తెలుపుటయే నా యుద్దేశము.

మొదట ఒక సంగతిని గుర్తు చేసెదను. మదరాసులో 1938వ సంవత్సరము జూన్ 16వ తేదీన అఖిల భారత రేడియో కేంద్రము ప్రారంభమైనది. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన వెలసినది. ఆ కాలమున ఇంటింట రేడియో లేదు. ఊరికొక్క పెట్టె యుండిన చోట్ల దానిని బయలులో ఉంచి, జనము చుట్టును కూర్చుండి వినెడివారు. ఆ పెట్టెలోని స్పీకరు చిన్నది. దాని బలము మూడు నాలుగు వాట్టులకు మించెడిది కాదు. ఐనను మాట స్పష్టముగా నుండెడిది. నేడు పెట్టె బలము నూఱు వాట్టులని వ్రాసియుండగా నట్టింటిలో మాట తెలియకున్నది. కారణమేమి? బయలులో ధ్వని స్పీకరునుండి చెవికి నేరుగా వచ్చును. రానిది ఆకాశములో కలిసిపోవును. ఇంటిలోనో, పోవలసిన ధ్వని పోక గోడలకు తగిలి మరల మరల చెవిమీదికే వచ్చును.

మన పూర్వులు ఈ భేదమును బాగుగా నెఱిగినవారు. వీథికి నాగస్వరమును డోలును, గదికి వీణను వారు కేటాయించిరి. నాగస్వరమును నాలుగు గోడల నడుమ ఊదినచో చెవులు చిల్లులు పడును. వీణను తేరు ముందు వాయించినచో పది యడుగుల దూరములో వినబడదు. ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట కళాకారులు గలరు. ఆ యాటలో పాడువారు గొంతెత్తి పాడుటయు, కాలిక్రింద బల్లను చప్పుడగునట్లు త్రొక్కుటయు మీరెఱిగినదే. అది బయలులో చాల మందికి అందవలసిన కళ కావున దానికా బలము తగియున్నది. వాద్యమునకు స్థలము, స్థలమునకు వాద్యము అను ఈ న్యాయమే స్పీకరునకును వర్తించును. స్పీకరును ఒక గొంతుగను, ఆంప్లిఫయరును ఆ గొంతునకు బలమిచ్చు ఊపిరిగను భావింపుడు. గొంతు గదికి తగియుండవలయును. ఊపిరి గొంతునకు తగియుండవలయును. ఈ వరుసను తలక్రిందు చేసి, మొదట పెద్ద ఊపిరిని కొని, పిదప గొంతును వెదకి, గదిని పూర్తిగా మఱచుటయే నేటి లోకాచారము.

గదిలో ధ్వని నడుచు రీతిని కొంచెము విచారింతము. ధ్వని సెకండునకు రమారమి 1,125 అడుగులు పరుగెత్తును. 16 అడుగుల పొడవుగల గదిలో ఈ గోడనుండి ఆ గోడకు పోవుటకు దానికి సెకండులో 70వ వంతు చాలును. సున్నము గీసిన రాతిగోడయైనను, సిమెంటు పూసిన ఇటుకగోడయైనను, నున్నని నేలయైనను తనకు తగిలిన ధ్వనిలో నూటికి రెండు మూడు పాళ్ళు మాత్రమే మ్రింగి, తక్కినదంతయు తిరుగగొట్టును. కావున ఒక్క పలుకు అణగుటకు ముందు అనేక మార్లు గోడలకు తగిలి తిరుగుచుండును. దీనిని మాఱుమ్రోత యందము. కొండ యెదుట కేక వేసినప్పుడు వినబడు ప్రతిధ్వని విడిగా వినబడును. గదిలోని మాఱుమ్రోత విడిపోక పలుకుతో కలిసి దానిని అలికివేయును.

వార్తలు చదువువాడు సెకండునకు అయిదాఱు అక్షరములు పలుకును. మాఱుమ్రోత మూడు సెకండులు నిలుచు గదిలో ఒక్కొక్క యక్షరము వచ్చునప్పటికి వెనుకటి పది పదునైదు అక్షరముల అవశేషము ఇంకను తిరుగుచుండును. అచ్చులకు బలమెక్కువ, హల్లులకు బలము తక్కువ. పప్పు, కప్పు, తప్పు అను మూడు మాటలకును భేదము తొలి హల్లులోనే కలదు. వెనుకటి అచ్చుల మ్రోతలో ఆ సన్నని హల్లు మునిగిపోయినచో మూడు మాటలును ఒక్కటియే యగును. ధ్వనిని హెచ్చించినప్పుడు హల్లు ఎంత హెచ్చునో మాఱుమ్రోతయు అంతే హెచ్చును. అందుచేతనే మనుమడు మీట త్రిప్పినను తాతకు ఫలము కలుగలేదు. బురద నీటిని మఱొక కడవెడు పోసినంత మాత్రమున నీరు తేరదు గదా!

ఈ విషయమును లెక్కకు తెచ్చినవాడు వాలెసు సేబిను అను అమెరికా దేశపు ఆచార్యుడు. హార్వర్డు విశ్వవిద్యాలయములో క్రొత్తగా కట్టిన ఉపన్యాసశాలలో మాటయే తెలియకుండెను. పలికిన పలుకు ఐదు సెకండులకు పైగా నిలిచెడిది. 1895లో దానిని సవరించు పని సేబినునకు అప్పగింపబడెను. ఆయన సమీపములోని నాటకశాలనుండి కూర్చుండు మెత్తలను తెప్పించి, నిశ్శబ్దమైన రాత్రివేళల వానిని కొన్నికొన్నిగా శాలలో పఱచుచు, మ్రోత ఎంత సేపటికి అణగుచున్నదో కొలిచెను. మెత్తలు హెచ్చిన కొలది మ్రోత తగ్గెను. తెఱచిన కిటికీ తనకు తగిలిన ధ్వనిని తిరిగి రానీయదు కావున, దానిని కొలబద్దగా గ్రహించి, ఏ వస్తువు ఎన్ని చదరపు టడుగుల తెఱచిన కిటికీకి సమానమో నిర్ణయించెను. 1900లో తెఱవబడిన బోస్టను నగరపు సంగీతశాల ఆయన లెక్కల ననుసరించి కట్టబడినది. నేటికిని అది లోకములోని ఉత్తమ సంగీతశాలలలో నొకటిగా ఎన్నబడుచున్నది.

సేబిను మెత్తలతో చేసిన పరీక్షను మన ప్రాంతపు రైతు తనకు తెలియకయే చేయుచున్నాడు. వేరుసెనగ పంట యింటికి వచ్చి, కాయల మూటలు నట్టింటిలో గోడపొడుగున పేర్చియున్నప్పుడు ఆ యింటిలో మాట యెంత మెత్తగా, ఎంత దగ్గఱగా వినబడునో గమనింపుడు. మూటలు అమ్ముడుపోయిన మఱునాడు అదే గదిలో మాటలాడి చూడుడు. ఇల్లు బోసిపోయినదని యందురు. బోసిపోయినది కంటికి మాత్రమే కాదు. గోనెసంచియు, అందులోని కాయల నడుమ సందులును మ్రింగుచుండిన ధ్వని మరల గోడల పాలైనది.

ఇక లెక్క. ఇది కష్టమైనది కాదు. వడ్డీ కట్టనేర్చిన వారెల్లరును చేయగలరు. గది పొడవును వెడల్పును ఎత్తును అడుగులలో కొలిచి హెచ్చింపుడు. వచ్చిన ఘనపు టడుగులను 20 చే భాగింపుడు. ఆ లబ్ధమును గదిలోని మొత్తము మ్రింగుడుచే, అనగా తెఱచిన కిటికీకి సమానమైన చదరపు టడుగులచే, భాగింపుడు. వచ్చినది మాఱుమ్రోత నిలుచు సెకండుల సంఖ్య. ధ్వని తన బలములో పది లక్షలవ వంతునకు దిగుటకు పట్టు కాలమని దీని యర్థము.

పొడవు 16, వెడల్పు 12, ఎత్తు 10 అడుగులుగల గదిని తీసికొందము. ఘనము 1,920. దానిని 20 చే భాగింపగా 96. నాలుగు గోడలు, నేల, కప్పు కలిసి 944 చదరపు టడుగులు. అవి నూటికి 3 పాళ్ళు మ్రింగునని అనుకొన్నచో మ్రింగుడు 28. 96ను 28 చే భాగింపగా మూడు సెకండులకు పైబడి మూడున్నఱకు చేరువ. సామానులేమియు లేక, తలుపులు మూసిన గది గతి ఇది. 20 చదరపు టడుగుల తలుపును, 12 చదరపు టడుగుల కిటికీలు రెంటిని తెఱవుడు. మ్రింగుడు 72 అగును. మ్రోత సెకండునఱకు లోపునకు దిగును. నలుగురు మనుష్యులు కూర్చుండినచో మనిషికి సుమారు 5 చొప్పున 20 చేరును. రెండు దళసరి బొంతలను గోడనుండి నాలుగు వ్రేళ్ళ యెడమున వ్రేలాడదీసి, దూదిపఱుపునొకదానిని మంచముమీద వేసినచో మఱి 45 వఱకు చేరును. మొత్తము 137. 96ను 137 చే భాగింపగా సెకండులో పదింట ఏడు పాళ్ళు. మాటకు అర్ధ సెకండు, సంగీతమునకు దానికంటె కొంచెము హెచ్చు తగియుండును. కావున ఇంటనున్న బొంతలును, కిటికీ తెఱచు చేతులును చేసిన మేలు వేల రూపాయల యంత్రము చేయలేదు.

మన పాత మిద్దెలలో ఈ చిక్కు ఇంతగా లేకుండెను. దూలములు, దంతెలు, వానిపై కట్టె పేర్పు, ఆపైన మట్టి — ఇట్టి కప్పు ధ్వనిని కొంత మ్రింగెడిది, మఱికొంత పలుదిక్కులకు చెదరగొట్టెడిది. మట్టి యరుగులు, గరుకు గోడలు, ధాన్యపు గాదెలు, వ్రేలాడు ఉట్లు అన్నియు మాటకు సహాయము చేసెడివి. నేడు కాంక్రీటు కప్పు, నున్నని సిమెంటు గోడ, పాలిష్ చేసిన బండ, అద్దము వలె మెఱయు పలక. ఇల్లు శుభ్రమైనది, దృఢమైనది, కాదనను. ధ్వనికి మాత్రము అది ఖాళీ కుండ. క్రొత్త యిల్లు కట్టిన పిదప పాత పెట్టెయే చెడిపోయినదని కొందఱు దానిని పాఱవేసి పెద్ద దానిని తెచ్చుచున్నారు. చెడినది పెట్టె కాదు.

ఇంతవఱకు సన్నని ధ్వనులను గూర్చి చెప్పితిని. బొంగురు ధ్వనుల కథ వేఱు. ప్రతి గదికిని కొన్ని సొంత స్వరములు గలవు. ధ్వని వేగమును గది పొడవునకు రెట్టింపుచే భాగించినచో మొదటి స్వరము వచ్చును. 16 అడుగుల పొడవునకు సెకండునకు 35 కంపనములు. 12 అడుగుల వెడల్పునకు 47. 10 అడుగుల ఎత్తునకు 56. ఆ స్వరములును, వాని రెట్లును ఆ గదిలో అతిగా ఉబ్బును. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును సమానమైన గదిలో మూడు స్వరములు ఒక్కచోట కూడి మఱింత హోరు పుట్టించును. మృదంగపు కుడిమూతపైనున్న నల్లని పూతవలన దాని ఉపస్వరములు సంగీతమునకు ఒదుగు క్రమములో నుండునని చంద్రశేఖర వెంకట రామను 1920లో తన సహపరిశోధకునితో కలిసి వెల్లడించెను. మన వాద్యకారులు శతాబ్దములుగా చేతితో సాధించిన ఆ పొందికను, మూలలో పెట్టిన ఒక పెద్ద స్పీకరు క్షణములో చెడగొట్టగలదు. ఏలన, రెండు గోడలు, నేల కలియు మూల బొంగురు ధ్వనులను ఉబ్బించును. అందుచే మృదంగము తొప్పి యొక్కటే ఉఱుమువలె వినబడి పాట మరుగుపడును.

మన యిండ్లలో మఱొక అలవాటు కలదు. దళసరి గోడలోని గూటిలో రేడియోను పెట్టుదురు. దీపమునకు గూడు తగినదే గాని గొంతునకు తగదు. గూటిలోని స్పీకరు కడవలో నోరు పెట్టి మాటలాడినట్లుండును. ఇత్తడి బిందెలు, స్టీలు గిన్నెలు వరుసగా పేర్చిన అఱల చెంత పెట్టినచో అవి కూడ వంత పాడును. స్పీకరును గోడకు అడుగున్నఱ రెండడుగుల దూరమున, మూలకు తప్పించి, కూర్చున్నవాని చెవియెత్తున, గట్టి బల్లమీద పెట్టవలయును. వినువాని పీటయు గోడకు ఆనుకొని యుండరాదు. అన్నిటికంటె ముఖ్యము, స్పీకరు వినువానికి దగ్గఱగా నుండవలయును. దూరము సగమైనచో నేరుగా వచ్చు ధ్వని బలము నాలుగు రెట్లగును; గోడలనుండి వచ్చు మ్రోత ఇంచుమించు మునుపటివలెనే యుండును. పది యడుగుల దూరములోని పెద్ద పెట్టెకంటె నాలుగడుగుల దూరములోని చిన్న పెట్టె మాటను హెచ్చు తేటగా వినిపించును. నేటి పలుచని టెలివిజను పెట్టెలలో పెక్కింటికి స్పీకరులు క్రిందికో వెనుకకో చూచుచుండును. ధ్వని ముందు గోడకు తగిలి పిదప మనకు చేరును. అట్టివానికి ఒక చిన్న స్పీకరును తగిలించి పెద్దవారి మంచము చెంత ఉంచుట ఉత్తమము.

ఇక స్పీకరును ఎన్నుకొను విధము. కాగితపు శంఖాకృతిని తీగచుట్టతో కదలించు స్పీకరును రైసు, కెల్లాగు అను ఇరువురు అమెరికా ఇంజనీర్లు 1925లో రూపొందించిరి. నేటికిని ఇండ్లలో వాడునది ప్రధానముగా ఆ జాతిదే. కొనునప్పుడు మూడు అంకెలను అడుగుడు. మొదటిది చురుకుదనము: ఒక్క వాట్టు ఇచ్చినప్పుడు మూడడుగుల మూడంగుళముల, అనగా ఒక మీటరు, దూరమున ఎన్ని డెసిబెలుల ధ్వని చేయును? ఇండ్లలోని సాధారణపు స్పీకరులు 84 మొదలు 90 వఱకు చేయును. ఆఱు డెసిబెలుల భేదము చిన్నదిగా కనబడును గాని, 84 దానిచేత 90 దానితో సమానముగా పలికింపవలెనన్న నాలుగు రెట్లు బలము కావలయును. రెండవది ఓములు: 4, 6, 8 అని వెనుక వ్రాసియుండును. మూడవది అది ఓర్చుకొనగల వాట్టులు. సభలకు, ఉత్సవములకు కట్టు కొమ్ముబూర స్పీకరు 100 డెసిబెలులను దాటి పలుకగలదు. బయలులో అది తన పని చక్కగా చేయును. దానిని తెచ్చి ఇంటిలో పెట్టుట నాగస్వరమును నట్టింట ఊదించుటయే. మన 16 అడుగుల గదికి అఱడుగు వ్యాసముగల స్పీకరు చాలును. పెద్ద బొంగురు పెట్టె గదిలోని హోరును మేల్కొలుపుటకు తప్ప మాటకు ఉపకరింపదు.

తరువాత ఆంప్లిఫయరు. ఎన్ని వాట్టులు కావలయును? మూడడుగుల దూరమున మనుష్యుల సంభాషణ సుమారు 60 డెసిబెలులు. 86 డెసిబెలుల చురుకుదనముగల స్పీకరు ఒక్క వాట్టుతో పది యడుగుల దూరమునకు 75కు పైగా అందించును. కావున వార్తలకు సగటున వాట్టులో పదవ వంతు చాలును. గట్టి పలుకులకొఱకు పదింతలు నిలువ నుంచుకొన్నను ఒక్క వాట్టే. సంగీతములో తనియావర్తనము వంటి ఘట్టములకు బలము హఠాత్తుగా లేచును కావున 20 మొదలు 30 వాట్టులు ఉండుట మంచిది. అంతకు మించినది ఈ గదికి అక్కఱలేదు. బలము రెట్టింపైనచో పెరుగునది మూడు డెసిబెలులు మాత్రమే. చెవికి రెట్టింపుగా తోచుటకు రమారమి పది రెట్లు బలము కావలయును. అట్టపెట్టెమీద వేల కొలది వాట్టులని వ్రాసి, ప్రక్కన పి.యం.పి.ఓ. అను అక్షరములుండినచో ఆ యంకెను నమ్మకుడు. ఎడతెగక ఇయ్యగల బలమును తెలుపునది ఆర్.యం.యస్. అను అంకె. దానినే అడుగుడు.

ఓముల పొందికను మఱవరాదు. ఆంప్లిఫయరు వెనుక 8 ఓములకు తగ్గరాదని వ్రాసియుండగా 4 ఓముల స్పీకరును తగిలించినచో విద్యుత్తు హెచ్చుగా పాఱి, యంత్రము వేడెక్కి చెడును. 8 ఓముల స్పీకరులు రెంటిని ప్రక్కప్రక్కన కలిపినచో మొత్తము 4 ఓములగును; ఒకదాని వెంట నొకటి వరుసగా కలిపినచో 16 ఓములగును. ఒక కాలువకు రెండు తూములు ప్రక్కప్రక్కన పెట్టినచో నీరు హెచ్చుగా పోవుటయు, ఒకదాని తరువాత నొకటి పెట్టినచో తగ్గుటయు రైతులకు తెలిసినదే. రెండు స్పీకరులుండినచో కూడిక గుర్తునకు కూడిక గుర్తును, తీసివేత గుర్తునకు తీసివేత గుర్తును కలుపవలయును. ఒకదానికి తాఱుమాఱైనచో ఒకటి ముందుకు త్రోయునప్పుడు రెండవది వెనుకకు లాగి, బొంగురు ధ్వని పలుచబడును.

చిన్న ఆంప్లిఫయరును దాని శక్తికి మించి అఱపించుటయు హానికరమే. అట్లు చేసినచో ధ్వని తరంగముల శిఖరములు తెగి చదునగును. అందుండి పుట్టు కర్కశపు ధ్వనులు సన్నని స్వరములను పలుకు చిన్న స్పీకరు తీగను కాల్చివేయును. గరగర వినబడగానే మీటను తగ్గింపవలయును. ఎద్దునకు తగిన బరువు, బరువునకు తగిన బండి యన్నట్లు, మధ్యస్థముగా నడుచు యంత్రము చిరకాలము మన్నును.

చెవిని గూర్చి ఒక్క మాట. వయస్సు పెరిగిన కొలది సన్నని ధ్వనులు ముందుగా తగ్గుట సహజము. స, శ, త, క మొదలగు హల్లుల గుర్తులు ఆ సన్నని ధ్వనులలోనే ఉండును. కావున వృద్ధులకు మాఱుమ్రోత యువకులకంటె ఎక్కువ బాధ కలిగించును. మీట త్రిప్పి బొంగురును తగ్గించి సన్నమును కొంచెము హెచ్చించినచో తేటదనము వచ్చును. చెంతనే మగ్గము ఆడుచున్నచో, దానిని మించునట్లు ధ్వనిని పెంచుటకంటె స్పీకరును దగ్గఱకు జరుపుకొనుటయే మేలు. గదిని సవరించి, స్పీకరును దగ్గఱకు తెచ్చినను మాట తెలియనిచో సంకోచింపక చెవి వైద్యునిచే పరీక్ష చేయించుకొనుడు. కంటికి అద్దములు పెట్టుకొనుటలో లేని సిగ్గు చెవి యంత్రమునకేల? 85 డెసిబెలులకు మించిన ధ్వనిలో దినమునకు ఎనిమిది గంటలు గడుపుట వినికిడికి హాని యని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. ధ్వని మూడు డెసిబెలులు పెరిగిన కొలది ఆ కాలము సగమగును. ఇరుగుపొరుగును కూడ తలంపవలయును. 2000వ సంవత్సరపు ధ్వని కాలుష్య నిబంధనల ప్రకారము నివాస ప్రదేశములలో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెలులు. రాత్రి అనగా పది గంటలనుండి ఉదయము ఆఱు గంటల వఱకు.

పరీక్షించుకొను సులభోపాయముతో ముగించెదను. గది నడుమ నిలిచి ఒక్కసారి చప్పట్లు కొట్టుడు. చప్పుడు ఠప్పున ఆగినచో గది మంచిది. ఖంగుమని సాగినచో లేక గోడల నడుమ రెక్కలు కొట్టుకొన్నట్లు వినబడినచో ఎదురెదురు గోడలలో ఒకదానికి బొంత కట్టుడు. పిదప ఇంటిలోని యొకరు, మీరు ముందుగా వినని ఇరువది మాటలను, పెదవులు మీకు కనబడకుండ గది యావలి కొననుండి చదువగా, మీరు వినినదానిని వ్రాసికొనుడు. బొంతకు ముందు ఎన్ని సరిపోయినవి, తరువాత ఎన్ని సరిపోయినవి యని పోల్చుడు. మాటలను మాత్రము మార్చుచుండవలయును. ఖర్చుపెట్టవలసిన వరుసయు ఇదే: మొదట కిటికీ, బొంత, పఱుపు, పిమ్మట స్పీకరును జరుపుట, ఆపైన, కావలసినచో, స్పీకరు, అన్నిటికిని కడపట ఆంప్లిఫయరు. తొలి రెంటికి దమ్మిడీ ఖర్చు లేదు. ఎందఱికో అక్కడితోనే పని తీఱును.

అంగడివాడు వాట్టులను గూర్చి చెప్పినప్పుడు, "మా గది పొడవు పదునాఱడుగులు, మంచము స్పీకరునకు అయిదడుగులు, దానికి తగినది చూపుము" అని మీరు చెప్పగలిగినచో ఈ ప్రసంగము సఫలమైనట్లే. ఇంటిలో పెద్దల మాట నిలువవలెనన్న, లోకపు మాట ముందుగా వారి చెవికి తేటగా చేరవలయును. సెలవు.